రన్ చేయని కోడ్‌ను డాక్యుమెంట్‌లో పెట్టేటప్పుడు: ఎస్‌వీవ్, ఆర్ మార్క్‌డౌన్, క్వార్టో వాడేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

నా రిపోర్ట్‌లోని కోడ్‌ను ఒక సహోద్యోగి తన కంప్యూటర్లో వరుసగా రన్ చేసుకుంటూ వచ్చి మూడో చంక్ (డాక్యుమెంట్‌లోని కోడ్ ముక్క) దగ్గర ఆగిపోయారు. కాలమ్ దొరకడం లేదని ఎర్రర్. ఆ రిపోర్ట్‌ను నేను ప్రతి వారం నిట్ చేస్తున్నాను (అంటే కోడ్ రన్ చేయించి పూర్తి డాక్యుమెంట్ తయారుచేస్తున్నాను), నాకు ఒక్కసారి కూడా ఎర్రర్ రాలేదు. వెతికితే సంగతి తెలిసింది. ఆ చంక్‌కు ఎప్పుడో 'ఇవాల్=ఫాల్స్' పెట్టాను, అంటే చూపించు కానీ రన్ చేయకు అని. ఆ తర్వాత డేటాలో కాలమ్ పేరు మారింది. రన్ అయ్యే చంక్‌లు ఎర్రర్ ఇచ్చాయి కాబట్టి వాటిని సరిచేశాను. రన్ కాని ఈ ఒక్కటి మాత్రం నోరు మెదపలేదు. పాత పేరుతోనే, మిగతా కోడ్‌లాగే చక్కగా రంగులద్దుకుని, రిపోర్ట్‌లో ఉండిపోయింది.

రన్ కాని కోడ్ తన తప్పును తాను చెప్పుకోదు. దాన్ని డాక్యుమెంట్‌లో పెట్టినవాళ్లే అది ఎందుకు రన్ కావడం లేదో తెలుసుకోవాలి, చదివేవాళ్లకు చెప్పాలి, అప్పుడప్పుడూ పరీక్షించాలి. ఈ మూడు పనులూ ఎలా చేయాలో ఇక్కడ ఒక్కో మెట్టుగా రాస్తున్నాను.

రాతనూ ప్రోగ్రామునూ ఒకే ఫైల్లో కలిపి రాయాలన్న ఆలోచనను డొనాల్డ్ కనూత్ 1984లో 'లిటరేట్ ప్రోగ్రామింగ్' అన్న పేరుతో ప్రచురించారు. గణాంకాలకు వాడే ఆర్ భాషలోకి దాన్ని 2002లో ఫ్రెడ్రిక్ లైష్ ఎస్‌వీవ్‌తో తెచ్చారు. 2012 నుంచి యీహుయ్ షియె రాసిన నిటర్, 2014లో ఆర్ మార్క్‌డౌన్, 2022లో క్వార్టో వచ్చాయి. నాలుగింటిలోనూ కోడ్‌ను చూపించి రన్ చేయకుండా ఉంచే ఆప్షన్ పేరు ఒకటే, ఇవాల్. కానీ దాని ప్రవర్తన అన్నిచోట్లా ఒకేలా ఉండదు, చిక్కులు అక్కడే వస్తాయి.

ఒక మాట. ఆప్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. ఫైల్లో వాటి ఇంగ్లిష్ స్పెల్లింగే టైప్ చేయాలి. 'ఇవాల్' అంటే ఇవాల్యుయేట్ అన్న ఇంగ్లిష్ మాటలోని మొదటి నాలుగు అక్షరాలు.

మెట్టు 1: ఎందుకు రన్ చేయకూడదో ముందు తేల్చుకోండి

ఇవాల్=ఫాల్స్ పెట్టే ముందు కారణం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పుకోండి. చాలాసార్లు ఆ వాక్యం వేరే మందు చూపిస్తుంది.

ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసే లైను, ఫైళ్లు తుడిచేసే లైను, డేటాబేస్‌లో ఏదైనా మార్చే లైను, మెయిల్ పంపే లైను: ఇవి డాక్యుమెంట్ నిట్ అయిన ప్రతిసారీ జరగకూడదు. వీటికి ఇవాల్=ఫాల్స్ సరైన మందు, శాశ్వతంగా ఉంచవచ్చు.

కోడ్ గంటల తరబడి నడుస్తుందన్నది కారణమైతే, మీకు కావాల్సింది రన్ చేయకపోవడం కాదు, పదేపదే రన్ చేయకపోవడం. దానికి నిటర్‌లో క్యాష్ ఆప్షన్ ఉంది, క్వార్టో ప్రాజెక్టులో ఫ్రీజ్ ఉంది, ఫలితాన్ని మీరే ఫైల్లో దాచుకుని చదివే పద్ధతి ఉంది. క్యాష్ చంక్‌లోని కోడ్‌నూ ఆప్షన్లనూ గమనిస్తుంది కానీ, బయటి డేటా ఫైల్ మారితే మీరు చెప్పకుండా దానికి తెలియదు. ఫ్రీజ్‌కు 'ఆటో' అని ఇస్తే మొత్తం ప్రాజెక్టును రెండర్ చేసేటప్పుడు (అంటే పూర్తి డాక్యుమెంట్లుగా తయారుచేసేటప్పుడు), సోర్స్ మారిన ఫైళ్లను మాత్రమే మళ్లీ రన్ చేస్తుంది. ఒక్క ఫైల్‌ను విడిగా రెండర్ చేస్తే మాత్రం ఫ్రీజ్ అడ్డుపడదు, కోడ్ రన్ అవుతుంది.

తప్పు కోడ్‌ను పాఠంగా చూపించాలంటే ఎర్రర్=ట్రూ పెట్టండి. కోడ్ రన్ అవుతుంది, ఎర్రర్ మెసేజ్ డాక్యుమెంట్‌లోకి వస్తుంది, పని ముందుకు సాగుతుంది. చాలామంది ఇక్కడ ఇవాల్=ఫాల్స్ పెట్టి, కింద ఎర్రర్ మెసేజ్‌ను చేత్తో అతికిస్తారు. ఆర్ కొత్త వెర్షన్‌లో మెసేజ్ మాటలు మారితే అతికించింది పాతబడుతుంది. అన్నిటికన్నా ఇబ్బంది, ఒకప్పుడు తప్పయిన కోడ్ ఇప్పుడు పనిచేస్తున్నా మీకు తెలియదు.

నెట్ కావాలి, పాస్‌వర్డ్ కావాలి, ఫలానా ప్యాకేజీ ఉండాలి అన్నది కారణమైతే అది షరతు. షరతును షరతుగానే రాయాలి, నాలుగో మెట్టులో వస్తుంది.

ఇక "ఇది ఇంకా పూర్తి కాలేదు, ఎప్పుడైనా పనికొస్తుందేమో" అన్నది కారణమైతే ఆ కోడ్‌ను డాక్యుమెంట్‌లోంచి తీసేయండి. పాత కోడ్ దాచుకోవడానికి గిట్ ఉంది. ఇవాల్, ఇంక్లూడ్ (పేజీలో చూపించాలా వద్దా అన్న ఆప్షన్) రెండూ ఫాల్స్ పెట్టిన చంక్‌లు రెండేళ్లుగా నిద్రపోతున్న ఫైళ్లను నేను చూశాను. అవి ఎందుకున్నాయో రాసినవాళ్లకే గుర్తుండదు, తీసేయడానికి తర్వాతివాళ్లకు ధైర్యం చాలదు.

మెట్టు 2: చంక్ కావాలా, ఉత్త కోడ్ బ్లాక్ చాలా?

ఆర్ మార్క్‌డౌన్‌లోనూ క్వార్టోలోనూ రన్ కాని కోడ్ చూపించడానికి రెండు దారులున్నాయి. మూడు బ్యాక్‌టిక్‌ల తర్వాత మీసాల బ్రాకెట్లలో భాష పేరు రాస్తే అది చంక్. బ్రాకెట్లు లేకుండా భాష పేరు ఒక్కటే రాస్తే అది ఉత్త కోడ్ బ్లాక్. పూర్తయిన పేజీలో రెండూ ఒకేలా కనబడతాయి. తెర వెనక మాత్రం రెండూ పూర్తిగా వేరు.

ఉత్త బ్లాక్‌ను నిటర్ ముట్టుకోదు. దాన్ని, డాక్యుమెంట్‌ను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే పాన్‌డాక్ తీసుకుని రంగులు వేస్తుంది, అంతే. దానికి లేబుల్ ఉండదు, ఆప్షన్లు ఉండవు. కోడ్‌ను విడిగా బయటికి తీసే పర్ల్ ఫంక్షన్‌కు అది కనబడదు. ఎంత వెతికినా చంక్‌ల జాబితాలోకి రాదు.

ఇవాల్=ఫాల్స్ పెట్టిన చంక్‌కు ఇవన్నీ ఉంటాయి. లేబుల్ ఇవ్వవచ్చు, వేరేచోట మళ్లీ వాడుకోవచ్చు, రేపు మనసు మారితే ఒక్క మాట మార్చి రన్ చేయవచ్చు, మీరు రాసిన హుక్‌లు (చంక్‌లకు తగిలించే చిన్న ఫంక్షన్లు) దానికీ వర్తిస్తాయి.

నేను పెట్టుకున్న గీత ఇది. ఎప్పటికైనా, ఎక్కడైనా రన్ అవ్వాల్సిన కోడ్ అయితే చంక్. ఎన్నటికీ రన్ కాలేనిదైతే ఉత్త బ్లాక్. టెర్మినల్‌లో కొట్టే కమాండ్, 'మీ ఫైల్ పేరు ఇక్కడ' లాంటి ఖాళీలున్న నమూనా, ఒక ఫంక్షన్ ఆకారం మాత్రం చూపించే అస్థిపంజరం, వీటికి ఉత్త బ్లాక్ చాలు. ఇన్‌స్టాల్ లైను మాత్రం చంక్‌గానే ఉంచుతాను, ఎందుకంటే అది నిజంగా పనిచేసే కోడ్, రేపు దాన్ని పరీక్షించాలనిపిస్తుంది.

ఎస్‌వీవ్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక తేడా ఉంది. ఎస్‌వీవ్ ఇవాల్=ఫాల్స్ పెట్టిన చంక్‌ను కూడా పార్స్ చేస్తుంది. అంటే రన్ చేయదు కానీ వ్యాకరణం చూస్తుంది. ఒక బ్రాకెట్ మూయడం మరిస్తే డాక్యుమెంట్ మొత్తం ఆగిపోతుంది. నిటర్ అలా పార్స్ చేయదు. సగం రాసిన కోడ్‌ను కూడా ఉన్నదున్నట్టు చూపించేస్తుంది. పాత ఎస్‌వీవ్ ఫైళ్లను నిటర్‌కు మార్చుకున్నవాళ్లు ఆ కాస్త కాపలా పోయిందని గుర్తుంచుకోవాలి. దాన్ని మళ్లీ ఎలా తెచ్చుకోవచ్చో చివరి మెట్టులో చెబుతాను.

మెట్టు 3: ఆప్షన్ రాయడం

ఇది తేలిక. ఎస్‌వీవ్‌లో చంక్ మొదలయ్యే <<>>= గుర్తు మధ్యలో ఇవాల్=ఫాల్స్ రాస్తారు, @ తో చంక్ ముగుస్తుంది. ఆర్ మార్క్‌డౌన్‌లో మీసాల బ్రాకెట్లలో, లేబుల్ తర్వాత కామా పెట్టి రాస్తారు. ఇక్కడ ఫాల్స్ అన్ని అక్షరాలూ పెద్దవి, ఎందుకంటే అది ఆర్ విలువ. క్వార్టోలో చంక్ లోపల మొదటి లైన్లలో #| గుర్తు పెట్టి, 'ఇవాల్' తర్వాత కోలన్, ఆపైన చిన్న అక్షరాల్లో ఫాల్స్ రాస్తారు, ఎందుకంటే అక్కడ నడిచేది యామ్ల్ అనే, సెట్టింగులు రాసే పద్ధతి. ఈ #| పద్ధతి ఇప్పుడు నిటర్‌లోనూ పనిచేస్తుంది. ఈమాక్స్ ఆర్గ్ మోడ్ వాడేవాళ్లకు ':ఇవాల్ నో' ఉంది, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మాత్రం రన్ కాకుండా ఆపే 'నెవర్-ఎక్స్‌పోర్ట్' కూడా ఉంది.

డాక్యుమెంట్ మొత్తానికి ఇవాల్=ఫాల్స్ పెట్టే వీలు కూడా అన్నిచోట్లా ఉంది. ఆర్ మార్క్‌డౌన్‌లో మొదటి సెటప్ చంక్‌లో, క్వార్టోలో ఫైల్ తల దగ్గర 'ఎగ్జిక్యూట్' కింద పెడతారు. వాడకండి అనను. అభ్యాసాల పుస్తకం, జవాబులు లేని ప్రశ్నపత్రం లాంటివాటికి అది సరిపోతుంది. కానీ "ఈ ఒక్కరోజుకు ఆపుదాం, త్వరగా నిట్ అవుతుంది" అని పెట్టి మరిచిపోతే, ఫలితాలు లేని రిపోర్ట్ చదివేవాళ్ల చేతికి వెళ్తుంది.

మెట్టు 4: షరతు ఉంటే షరతే రాయండి

నిటర్‌లో ఇవాల్‌కు ట్రూ, ఫాల్స్ మాత్రమే కాదు, ఆర్ ఎక్స్‌ప్రెషన్ ఏదైనా ఇవ్వవచ్చు. చాలామంది ఉపయోగించుకోని బలం ఇది. ప్యాకేజీ ఉంటేనే రన్ అవ్వాలంటే రిక్వైర్‌నేమ్‌స్పేస్ ఫంక్షన్‌ను అక్కడే పిలవండి. డేటా ఫైల్ ఉంటేనే అంటే ఫైల్.ఎగ్జిస్ట్స్. వెబ్ పేజీగా తయారవుతున్నప్పుడు మాత్రమే అంటే నిటర్‌లోని ఈజ్_హెచ్‌టీఎంఎల్_అవుట్‌పుట్. క్వార్టోలో #| లైన్లో ఎక్స్‌ప్రెషన్ రాయాలంటే దాని ముందు !ఎక్స్‌పర్ అన్న గుర్తు పెట్టాలి.

నాకు బాగా నచ్చినది పారామ్స్ పద్ధతి. ఫైల్ తల దగ్గర 'పూర్తి' అనే అర్థం వచ్చే ఒక పారామీటర్ పెట్టి, మామూలుగా ఫాల్స్ ఉంచుతాను. బరువైన చంక్‌లన్నిటికీ ఇవాల్ విలువ ఆ పారామీటరే. రోజూ నిట్ చేసేటప్పుడు అవి ఆగి ఉంటాయి. వారానికోసారి ఆ పారామీటర్‌ను ట్రూ చేసి రెండర్ చేస్తే అన్నీ రన్ అవుతాయి. అంటే ఇవి ఎన్నడూ రన్ కాని కోడ్ కాదు, అరుదుగా రన్ అయ్యే కోడ్. ఈ చిన్న తేడాతో మొదట చెప్పిన పాత కాలమ్ పేరు సమస్య వారంలోపే బయటపడుతుంది.

పాస్‌వర్డ్ గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఇవాల్=ఫాల్స్ కోడ్‌ను దాచదు, చూపించి రన్ చేయకుండా ఉంచుతుంది. టోకెన్ రాసిన లైను ఉన్న చంక్‌కు ఇవాల్=ఫాల్స్ పెడితే ఆ టోకెన్ పేజీలో అచ్చవుతుంది. ఎకో=ఫాల్స్ పెట్టి దాచినా సోర్స్ ఫైల్లో ఉంటుంది. ఆర్ మార్క్‌డౌన్‌లో కోడ్ డౌన్‌లోడ్ బటన్ ఇచ్చే ఆప్షన్ వాడితే, పూర్తి సోర్స్ ఆ వెబ్ పేజీలోనే ఇమిడి వెళ్తుంది. రహస్యాలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచి, సిస్.గెట్ఎన్వ్ ఫంక్షన్‌తో చదవండి.

మెట్టు 5: తర్వాతి చంక్‌ల సంగతి

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఇక్కడ జరుగుతుంది, అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఒక చంక్ రన్ కాకపోతే అందులో పుట్టాల్సిన ఆబ్జెక్ట్ పుట్టదు. తర్వాతి చంక్ గానీ, వాక్యం మధ్యలో ఉన్న ఇన్‌లైన్ కోడ్ గానీ దాన్ని అడిగితే 'ఆబ్జెక్ట్ దొరకలేదు' అని ఎర్రర్ వస్తుంది. ఇది మంచి తప్పు, ఎందుకంటే వెంటనే కనబడుతుంది.

చెడ్డ తప్పు వేరే ఉంది. ఆర్‌తో పాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ డేటా తీసుకోండి. 153 వరుసలు, 6 కాలమ్‌లు. ఓజోన్ కాలమ్‌లో 37 విలువలు లేవు. మొదటి చంక్‌లో ఆ డేటాను మీ పేరుతో కాపీ చేశారు. రెండో చంక్‌లో ఓజోన్ లేని వరుసలు తీసేసి, అదే పేరుతో మళ్లీ దాచారు. మూడో చోట, వాక్యంలో ఇన్‌లైన్ కోడ్‌తో "విశ్లేషణలో ఇన్ని వరుసలు వాడాం" అని రాశారు. రెండో చంక్ రన్ అయితే అక్కడ 116 వస్తుంది. దానికి ఇవాల్=ఫాల్స్ పెడితే 153 వస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పైన పేజీలో మాత్రం వరుసలు తీసేసే కోడ్ చక్కగా కనబడుతూనే ఉంటుంది. చదివేవాళ్లు ఆ కోడ్ నమ్మి, ఆ అంకె కూడా నమ్ముతారు.

కాబట్టి నియమం ఇది: కొత్త పేరుతో ఆబ్జెక్ట్ పుట్టించే చంక్‌ను ఆపవచ్చు, ఉన్న ఆబ్జెక్ట్‌ను మార్చే చంక్‌ను ఆపకూడదు. ఆపక తప్పకపోతే, ముందు దాన్ని కొత్త పేరు ఇచ్చేలా తిరగరాయండి. అప్పుడు ఆ చెడ్డ తప్పు మంచి తప్పుగా మారుతుంది.

ఇంకో వల కూడా ఉంది. మీరు ఎడిటర్‌లో ఆ చంక్‌ను చేత్తో రన్ చేసి ఉంటారు. ఇవాల్ ఫాల్స్ అయినా చేత్తో రన్ చేయడానికి ఏదీ అడ్డు లేదు. ఆ ఆబ్జెక్ట్ మీ సెషన్‌లో మిగిలి ఉంటుంది. ఆర్‌స్టూడియోలో నిట్ బటన్ కొత్త సెషన్‌లో రన్ చేస్తుంది కాబట్టి బండారం బయటపడుతుంది. కానీ కన్సోల్ నుంచి రెండర్ ఫంక్షన్‌ను పిలిస్తే, మామూలుగా అది మీ సెషన్‌లోని ఆబ్జెక్టులను కూడా చూస్తుంది. మీ దగ్గర పనిచేస్తుంది, ఇంకొకరి దగ్గర ఆగిపోతుంది. ఇంకొకరికి పంపే ముందు కొత్త సెషన్‌లో ఒకసారి నిట్ చేయండి.

ఇక బరువైన లెక్కను చూపించి, ఫలితాన్ని మాత్రం ఫైల్ నుంచి చదివే పద్ధతి. ఉదాహరణకు, 10,000 సార్లు బూట్‌స్ట్రాప్ చేసే (డేటాలోంచి మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్కకట్టే) కోడ్. ఆ చంక్ కనబడుతుంది, రన్ కాదు. దాని కింద ఎకో=ఫాల్స్ పెట్టిన చిన్న చంక్ ఒకటి, దాచిన ఆర్‌డీఎస్ ఫైల్ (ఆర్ ఆబ్జెక్ట్‌ను దాచే ఫైల్) చదువుతుంది. చాలా పుస్తకాలూ రిపోర్ట్‌లూ ఇలాగే నడుస్తాయి. ఇందులో ఉన్న కన్నం ఏమిటంటే, కనబడే కోడ్‌ను మార్చి, ఫైల్‌ను మళ్లీ తయారుచేయడం మరిచిపోతే కోడ్ ఒకటి చెబుతుంది, ఫలితం ఇంకొకటి చెబుతుంది.

ఆ కన్నాన్ని నేను ఇలా పూడుస్తాను. నిటర్‌లో నిట్_కోడ్ అనే వస్తువు ఉంది. లేబుల్ ఇచ్చి 'గెట్' అని అడిగితే ఆ చంక్‌లోని కోడ్‌ను అక్షరాలుగా ఇస్తుంది. చంక్ రన్ అయినా కాకపోయినా ఇస్తుంది. దాన్ని పేస్ట్ ఫంక్షన్‌తో ఒకే స్ట్రింగ్‌గా కలపండి. 'పూర్తి' పారామీటర్ ట్రూ ఉన్నప్పుడు, ఫలితాన్నీ ఆ స్ట్రింగ్‌నూ ఒకే లిస్ట్‌లో పెట్టి ఫైల్లోకి రాయండి. ఫాల్స్ ఉన్నప్పుడు ఫైల్ చదివి, అందులోని స్ట్రింగ్‌నూ ఇప్పటి చంక్ స్ట్రింగ్‌నూ ఐడెంటికల్ ఫంక్షన్‌తో పోల్చండి. తేడా ఉంటే స్టాప్‌ఇఫ్‌నాట్ డాక్యుమెంట్‌ను ఆపేస్తుంది. నాలుగైదు లైన్ల పని. దీన్ని పెట్టుకున్న రోజు నుంచి, పాత ఫలితం కొత్త కోడ్ కింద కూర్చుందేమో అన్న టెన్షన్ నాకు పోయింది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఇది ఆ ఒక్క చంక్‌నే చూస్తుంది, దానికి ముందున్న చంక్‌లు మారితే పట్టుకోలేదు. అందుకే వారానికోసారి పూర్తి రన్ మానకూడదు.

మెట్టు 6: ఒకే చంక్‌లో కొన్ని లైన్లు మాత్రమే

ఆర్ చంక్‌కు నిటర్‌లో ఇవాల్‌కు అంకెలు కూడా ఇవ్వవచ్చు. 2 ఇస్తే రెండో ఎక్స్‌ప్రెషన్ మాత్రమే రన్ అవుతుంది. -(4:5) ఇస్తే నాలుగు, ఐదు తప్ప మిగతావన్నీ రన్ అవుతాయి. లెక్క లైన్లది కాదు, ఎక్స్‌ప్రెషన్లది. మూడు లైన్లలో పరుచుకున్న ఫంక్షన్ కాల్ ఒక్కటిగానే లెక్క. రన్ కాని భాగం పేజీలో ## గుర్తుతో కామెంట్‌గా కనబడుతుంది, కాబట్టి చదివేవాళ్లకు తేడా తెలుస్తుంది.

ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసే లైను, దాన్ని లోడ్ చేసే లైను పక్కపక్కన చూపించడానికి ఇది బాగుంటుంది. అంతకుమించి వాడవద్దని నా సలహా. చంక్ మధ్యలో ఒక లైను కొత్తగా చేరిస్తే అంకెలన్నీ జరిగిపోతాయి, అనుకోని లైను రన్ అవుతుంది. తుడిచేసే లైన్లున్న చంక్‌లో ఈ ఆట అసలే ఆడకూడదు.

మెట్టు 7: కోడ్‌ను ఒకచోట చూపించి ఇంకోచోట రన్ చేయడం

కోడ్‌కు ఒక్కటే ప్రతి ఉండాలి. పాఠంలో చూపించడానికి ఒకటి, దాచి రన్ చేయడానికి ఇంకొకటి అని రెండు రాస్తే, అవి ఎప్పుడో ఒకప్పుడు వేర్వేరు దారులు పడతాయి. నిటర్‌లో రెఫ్.లేబుల్ అనే ఆప్షన్ వేరే చంక్ కోడ్‌ను తెచ్చి వాడుతుంది. పైన ఇవాల్=ఫాల్స్‌తో చూపించిన చంక్‌ను, కింద ఖాళీ చంక్‌లో రెఫ్.లేబుల్ ఇచ్చి, ఎకో=ఫాల్స్ పెట్టి రన్ చేయవచ్చు.

దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది, రిపోర్ట్ చివర అనుబంధంగా మొత్తం కోడ్ చూపించడం. రిపోర్ట్ అంతా ఎకో=ఫాల్స్, చివర్లో ఒక ఖాళీ చంక్, దానికి రెఫ్.లేబుల్ విలువగా నిటర్‌లోని ఆల్_లేబుల్స్ ఫంక్షన్, ఎకో=ట్రూ, ఇవాల్=ఫాల్స్. పైన రన్ అయిన కోడే కింద అచ్చవుతుంది. రన్ కాని కోడ్‌ను నూటికి నూరుపాళ్లు నమ్మగలిగే సందర్భం ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

చంక్ ఎలా రాయాలో నేర్పే పాఠం రాస్తున్నారనుకోండి. అప్పుడు కోడే కాదు, చంక్ తల, బ్యాక్‌టిక్‌లు, ఆప్షన్లు కూడా కనబడాలి. క్వార్టోలో భాష పేరు చుట్టూ మీసాల బ్రాకెట్లు రెండేసి పెడితే రన్ కాకుండా ఒక్కో బ్రాకెట్‌తో కనబడుతుంది. రన్ కూడా కావాలి, తల కూడా కనబడాలంటే ఎకో విలువ 'ఫెన్స్‌డ్' అని ఇవ్వండి. ఆర్ మార్క్‌డౌన్‌లో వెర్బేటిమ్ అనే ఇంజిన్ ఉంది; దాన్ని వాడేటప్పుడు బయటి కంచెకు నాలుగు బ్యాక్‌టిక్‌లు, లోపలి దానికి మూడు.

మెట్టు 8: చదివేవాళ్లకు చెప్పండి

అవుట్‌పుట్ లేని చంక్ చూసి అది రన్ అయిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒక విలువను పేరుకు అప్పగించే లైను రన్ అయినా ఏమీ అచ్చు వేయదు, రన్ కాకపోయినా అంతే. కాబట్టి చంక్ పైన ఒక వాక్యం రాయండి: "ఇది సుమారు ఇంతసేపు పడుతుంది, కింది ఫలితాలు దాచిన ఫైల్ నుంచి తెచ్చినవి."

ప్రతిసారీ రాయడం మరిచిపోతామనుకుంటే కంటికి కనబడే గుర్తు పెట్టవచ్చు. నిటర్‌లో ఆప్ట్స్_హుక్స్ ద్వారా ఇవాల్‌కు ఒక చిన్న ఫంక్షన్ తగిలించండి. ఇవాల్ ఫాల్స్ అయితే క్లాస్.సోర్స్ ఆప్షన్‌కు మీకు నచ్చిన సీఎస్‌ఎస్ (వెబ్ పేజీ రూపాన్ని దిద్దే భాష) క్లాస్ పేరు చేర్చి, ఆప్షన్లను తిరిగి ఇవ్వడమే ఆ ఫంక్షన్ పని. ఇక సీఎస్‌ఎస్‌లో ఆ క్లాస్‌కు పక్కన గీత, వేరే నేపథ్య రంగు ఇవ్వండి. రన్ కాని చంక్‌లన్నీ పేజీలో వేరుగా తెలుస్తాయి. మీకు కూడా తెలుస్తాయి, అది ఇంకా ముఖ్యం.

మెట్టు 9: కోడ్‌ను బయటికి తీసినప్పుడు

డాక్యుమెంట్‌లోంచి కోడ్ ఒక్కటే స్క్రిప్ట్‌గా తీయడానికి ఎస్‌వీవ్‌తో ఎస్‌ట్యాంగిల్, నిటర్‌తో పర్ల్ ఉన్నాయి. రెండూ ఇవాల్=ఫాల్స్ ఉన్న చంక్‌ను పారేయవు, ## పెట్టి కామెంట్‌గా రాస్తాయి. అసలు రాకూడదంటే నిటర్‌లో పర్ల్=ఫాల్స్ అని చంక్ ఆప్షన్ ఇవ్వండి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. పర్ల్ చంక్‌లను రన్ చేయదు, తలలో ఉన్న ఆప్షన్లను చదువుతుంది, అంతే. మీరు సెటప్ చంక్‌లో డాక్యుమెంట్ మొత్తానికి ఇవాల్=ఫాల్స్ పెట్టి ఉంటే, ఆ సెటప్ చంక్ రన్ కాదు కాబట్టి ఆ మాట పర్ల్ చెవిన పడదు. నిట్ చేస్తే ఏదీ రన్ కాని డాక్యుమెంట్‌లోంచి, అన్నీ రన్ అయ్యే స్క్రిప్ట్ బయటికొస్తుంది. ఫైళ్లు తుడిచే లైను కూడా అందులో కామెంట్ లేకుండా ఉంటుంది. అందుకే ప్రమాదకరమైన చంక్‌కు ఇవాల్=ఫాల్స్‌ను దాని తలలోనే, విడిగా రాయండి, మొత్తానికి పెట్టినా సరే.

ప్యాకేజీలు రాసేవాళ్లకు ఇది ఇంకా దగ్గరి విషయం. విన్యెట్ (ప్యాకేజీతో పాటు వచ్చే పరిచయ వ్యాసం) లోంచి తీసిన ఆర్ కోడ్‌ను, ప్యాకేజీని పరీక్షించే ఆర్ చెక్ విడిగా రన్ చేసి చూస్తుంది. "విన్యెట్ బాగానే తయారవుతోంది, చెక్ మాత్రం ఫెయిల్ అవుతోంది" అంటే ముందు ఈ తేడానే అనుమానించాలి. నెట్ మీదో, గంటల లెక్క మీదో ఆధారపడిన విన్యెట్‌కు నాకు తెలిసిన నిబ్బరమైన పద్ధతి ముందే నిట్ చేసి పెట్టుకోవడం. అసలు ఫైల్ పేరు చివర '.ఆరిగ్' తగిలించి, మీ కంప్యూటర్లో దాన్ని నిట్ చేసి, వచ్చిన మార్క్‌డౌన్‌ను మామూలు విన్యెట్ పేరుతో ప్యాకేజీలో పెట్టండి. అందులో కోడ్, ఫలితం అన్నీ ఉత్త బ్లాక్‌లుగా మారి ఉంటాయి. క్రాన్ (ఆర్ ప్యాకేజీల భాండాగారం) దగ్గర రన్ కావడానికి ఏమీ మిగలదు. విడుదలకు ముందు ప్రతిసారీ మళ్లీ నిట్ చేయడం మాత్రం మీ బాధ్యత.

మెట్టు 10: తనిఖీ

ఆల్_లేబుల్స్ ఫంక్షన్‌కు షరతు కూడా ఇవ్వవచ్చు. ఇవాల్ ఫాల్స్‌కు సమానం అని రెండు సమాన గుర్తులతో రాస్తే, తలలో అలా రాసిన చంక్‌ల లేబుళ్లన్నీ ఇస్తుంది. దీన్ని డాక్యుమెంట్ చివర ఎకో లేని చంక్‌లో పెట్టి, జాబితాను మెసేజ్‌గా చూసుకోండి. డాక్యుమెంట్ మొత్తానికి పెట్టినవి ఈ జాబితాలోకి రావు. పైన చెప్పినట్టు తలలో విడిగా రాయడానికి ఇది రెండో కారణం. లేబుల్ ఇవ్వని చంక్‌లకు నిటర్ తనే పేరు, అంకె కలిపి పెడుతుంది, వాటిని చూసి ఏది ఏదో చెప్పలేం. రన్ కాని చంక్‌కు అర్థమున్న లేబుల్ తప్పనిసరి చేసుకోండి, వీలైతే కారణం అందులోనే వచ్చేలా: 'ఇన్‌స్టాల్', 'నెట్-కావాలి', 'రాత్రంతా-పడుతుంది'.

జాబితా వచ్చాక, అందులోని ఒక్కో ఆర్ చంక్ కోడ్‌ను నిట్_కోడ్‌తో తీసి పార్స్ ఫంక్షన్‌కు అందించండి. పార్స్ రన్ చేయదు, వ్యాకరణం చూసి ఊరుకుంటుంది. మూయని బ్రాకెట్, మూయని కొటేషన్ గుర్తు అక్కడే దొరుకుతాయి. ఎస్‌వీవ్ నుంచి వచ్చేటప్పుడు పోయిన కాపలా ఇలా తిరిగొస్తుంది. పైథాన్ లాంటి వేరే భాషల చంక్‌లను ఈ జాబితాలోంచి తప్పించండి, ఆర్ పార్సర్‌కు అవి అర్థం కావు.

మారిన కాలమ్ పేరును పార్స్ పట్టుకోలేదు, దాన్ని పూర్తి రన్ ఒక్కటే పట్టుకుంటుంది. పారామీటర్ ట్రూ చేసి రెండర్ చేసే ఆ పనిని ఆటోమేటిక్‌గా నడిచే షెడ్యూల్‌కు అప్పగించండి, మన జ్ఞాపకానికి వదిలేయవద్దు. ఇన్‌స్టాల్ లాంటి, అందులో కూడా రన్ కాని చంక్‌లు ఇక గుప్పెడే మిగులుతాయి. డాక్యుమెంట్ కొత్త వెర్షన్ బయటికి వెళ్లే ముందు రోజు వాటిని ఖాళీ సెషన్‌లో చేత్తో ఒక్కొక్కటిగా రన్ చేస్తాను. నా ఫైళ్లలో అవి ఎప్పుడూ ఐదారుకు మించలేదు, పావుగంటలో అయిపోతుంది.